ఫ్రిజ్ మీది కాగితం

ఏటా ఆగస్టులో ఓ ఆదివారం హైదరాబాద్‌లో వేలమంది పరిగెడతారు. వాళ్ళకోసం రోడ్డుపక్కన నిలబడేవాళ్ళ సంగతి ఎవరూ రాయరు. కూకట్‌పల్లిలో ఓ బీటెక్ అమ్మాయి మాత్రం రాసిపెట్టింది.

‘‘మారథాన్ మీద ముఖచిత్ర కథనం కావాలి. గెలిచినవాళ్ళు వద్దు. మామూలు ఇల్లు, మామూలు అమ్మ. బుధవారం పొద్దుటికల్లా కాపీ ఇచ్చేయాలి’’ అన్నారు ఎడిటర్. ఫోన్ పెట్టేసేముందు, ‘‘కాస్త స్ఫూర్తి ఉండేలా చూడండి’’ అని కూడా అన్నారు. ఆ మాట వింటే నాకు అనుమానం. మెడలో పతకంతో దిగిన ఫొటో కింద ‘అసాధ్యమేదీ లేదు’ అని రాసే బాపతు పరుగు సాహిత్యం ఇప్పటికే అవసరానికి మించి ఉంది. అయినా సరేనని శనివారం మధ్యాహ్నం కూకట్‌పల్లిలో ఓ మూడో అంతస్తు ఫ్లాటు తలుపు కొట్టాను.

మర్నాడు 42.195 కిలోమీటర్లు పరిగెత్తాల్సినావిడ సోఫాలో కాళ్ళు చాపుకుని ఉన్నారు. నలభై ఆరేళ్ళు, బ్యాంకులో ఉద్యోగం. ఇదే మొదటి ఫుల్ మారథాన్. పేర్లు రాయొద్దన్నారు. ‘‘మా బ్రాంచిలో ఎవరికీ చెప్పలేదండీ. పూర్తయితే అప్పుడు చూద్దాం’’ అన్నారు. ఆవిడతో మాట్లాడదామనే వెళ్ళాను గానీ, మంచినీళ్ళకని వంటింట్లోకి వెళ్ళినప్పుడు ఫ్రిజ్ తలుపుకి అంటించిన ఓ కాగితం కనిపించింది. ఈ కథనమంతా ఆ కాగితమే.

రూళ్ళ కాగితం. స్కేలుతో కొట్టిన గీతలు. చేతిరాత పెద్దమ్మాయిది. ఇంజినీరింగ్ రెండో సంవత్సరం చదువుతోంది. మొదట నాలుగు గడులు గీసింది: ఎక్కడ, ఎప్పుడు, ఎవరు, చేతిలో ఏముండాలి. ఐదో గడి తర్వాత వేరే రంగు పెన్నుతో వచ్చి చేరింది. దాని సంగతి కాసేపాగి.

‘ఎప్పుడు’ అన్నచోట గడియారం టైము ఒక్కటీ లేదు. అన్నీ ‘మొదలయ్యాక ఇంతసేపటికి’ అనే లెక్కలే. కారణం ఉంది. వేలమంది గుంపులో వెనక నిలబడ్డవాళ్ళు ఆరంభ గీత దాటడానికే కొన్ని నిమిషాలు పడుతుంది. బిబ్‌కి, అంటే రన్నర్ నంబరు చీటీకి, అంటించిన చిప్ అక్కడినుంచే లెక్క మొదలుపెడుతుంది. ‘‘అమ్మ గీత దాటగానే నాన్న వాట్సాప్ గ్రూపులో ఒక చుక్క పెడతాడు. అక్కణ్ణుంచి నా లెక్క’’ అంది అమ్మాయి. మొదటి సగానికి కిలోమీటరుకి ఏడున్నర నిమిషాల చొప్పున 2 గంటల 38 నిమిషాలు. రెండో సగానికి కిలోమీటరుకి ఎనిమిదింబావు చొప్పున 2 గంటల 54. మొత్తం 5 గంటల 32 నిమిషాలు.

రెండో సగం ఎందుకు నెమ్మది అనడిగితే, వేళ్ళు మడిచి చెప్పింది. కండరాల్లో, కాలేయంలో దాచుకున్న గ్లైకోజెన్ చాలామందికి 30 కిలోమీటర్ల ప్రాంతంలో అడుగంటుతుంది. రన్నర్లు ‘గోడ తగిలింది’ అనేది దీన్నే. రెండోది ఉక్క. ఆగస్టు తేమలో చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు. మూడోది ఈ ఊరి నేల. పీపుల్స్ ప్లాజా దగ్గర హుస్సేన్‌సాగర్ ఒడ్డున చదునుగానే మొదలవుతుంది. ఆ తర్వాత ఖైరతాబాద్ ఫ్లైఓవర్, పంజగుట్ట ఫ్లైఓవర్, జూబ్లీహిల్స్ ఎత్తులు, దుర్గంచెరువు కేబుల్ బ్రిడ్జి, బయోడైవర్సిటీ ఫ్లైఓవర్... గచ్చిబౌలి స్టేడియం చేరేదాకా ఎక్కడం, దిగడమే. సిటీలో రోజూ బండి నడిపేవాళ్ళకి యాక్సిలరేటర్ చెప్పని ఎత్తులన్నీ ఆ రోజు మోకాళ్ళు చెబుతాయి.

‘చేతిలో ఏముండాలి’ అన్న గడిలో ఒక్కో వరుసకి ఒక్కో మనిషి బాధ్యత. నాన్నకి రెండు ఎనర్జీ జెల్ పాకెట్లు, ఓఆర్ఎస్ కలిపిన సీసా. ఎనిమిదో తరగతి తమ్ముడికి తడిపి పిండిన తువ్వాలు, వాజలైన్ డబ్బా. నానమ్మకి హవాయి చెప్పులు, పొడి చొక్కా. తనకి ఐస్‌ప్యాక్, ఛార్జింగ్ ఉన్న ఫోను. అడుగున రెండు గీతలు కొట్టిన గమనిక: ‘చెప్పిన టైముకి అరగంట దాటేవరకూ ఎవరూ కంగారుపడొద్దు. అమ్మకి ఫోన్ చేయొద్దు. ఆ ఫోను నాన్న జేబులోనే ఉంటుంది.’

ఇక ఐదో గడి. శీర్షిక ‘అనకూడనివి’.

‘ఇంకొంచెమే’: 40వ కిలోమీటరు దాటేదాకా నిషేధం.
‘వేగం పెంచు’: పక్కన ‘నాన్న’ అని రాసి ఉంది.
‘నీ వెనక ఎంతమంది ఉన్నారో’: ఎవరూ అనొద్దు.
‘మొహం పీక్కుపోయింది’: ఎవరూ అనొద్దు.
‘ఆగిపోమ్మా, ఎవరు పరిగెత్తమన్నారు’: పక్కన ‘నానమ్మ’.

ఈ గడి వెనక ఓ ఉదంతం ఉంది. ప్రాక్టీసులో భాగంగా 30 కిలోమీటర్లు పరిగెత్తిన ఓ ఆదివారం, స్కూటర్ మీద పక్కన వచ్చిన భర్త ‘‘ఇంకొంచెమే’’ అన్నారట. అప్పటికి ఇంకా తొమ్మిది కిలోమీటర్లుంది. ఇల్లు చేరేదాకా ఆవిడ ఆయనతో మాట్లాడలేదు. ‘‘నేను మంచికే అన్నానండీ’’ అని ఆయన నాతో రెండుసార్లు మొరపెట్టుకున్నారు. ‘‘తొమ్మిది కిలోమీటర్లంటే గంటకు పైగా పరుగు. దాన్ని కొంచెం అంటే, నా కష్టం కూడా కొంచెమే అన్నట్టుంటుంది’’ అన్నారావిడ.

శనివారం సాయంత్రం ఇల్లంతా ఈ కాగితం ప్రకారమే నడిచింది. హైటెక్స్ నుంచి బిబ్ ముందురోజే తెచ్చుకున్నారు. దాని వెనక రక్తం గ్రూపు, అత్యవసరంగా ఫోన్ చేయాల్సిన నంబరు నింపుతుంటే నానమ్మ కళ్ళజోడు సవరించుకుని చూసి, ‘‘ఇదెందుకు రాయమన్నారు?’’ అన్నారు. ఎవరూ జవాబు చెప్పలేదు. పెద్దావిడ కోడలికి ఇష్టమని గోంగూర పచ్చడి చేశారు. అమ్మాయి గిన్నె తీసుకెళ్ళి లోపల పెట్టేసింది. గంటలకొద్దీ పరిగెత్తేటప్పుడు రక్తం కాళ్ళకి మళ్ళి పేగులకు తగ్గుతుంది కాబట్టి పీచు, పులుపు, కారం ముందురోజు తగ్గించాలట. తెల్లన్నం, బంగాళాదుంప కూర, పెరుగు. బంధువులింట్లో గృహప్రవేశానికి తండ్రీ కొడుకులే వెళ్ళొచ్చారు. ‘ఆవిడేదీ’ అని అడిగినవాళ్ళందరికీ ‘తలనొప్పి’ అని చెప్పారు. ఎనిమిదింటికి ఆవిడ గదిలో దీపం ఆరిపోయింది. నిద్ర పట్టలేదని మర్నాడు చెప్పారు. పరుగు ముందురాత్రి ఎవరికీ సరిగా పట్టదని, అంతకు ముందురాత్రి బాగా పడుకుంటే చాలని పాత రన్నర్లు అంటారు.

ఆదివారం తెల్లవారకముందే బృందం రెండుగా చీలింది. తండ్రి, అబ్బాయి స్కూటర్ మీద ఆవిణ్ణి నెక్లెస్ రోడ్డులో దింపి, శ్రీనగర్ కాలనీ, యూసుఫ్‌గూడ సందుల్లోంచి కేబీఆర్ పార్కు వైపు వెళ్ళాలి. అమ్మాయి, నానమ్మ, నేను రోడ్లు మూయకముందే కొండాపూర్ మీదుగా గచ్చిబౌలి చేరి, ఓ పక్కవీధిలో కారు పెట్టుకోవాలి. పరుగు దారిలో ట్రాఫిక్ ఆపేస్తారు కాబట్టి వెనకాలే కారులో వెళ్ళి చూద్దామనుకునే కుటుంబాలు సాధారణంగా ఏ ఫ్లైఓవర్ కిందో ఇరుక్కుపోతాయి. పరుగు గీతని దాటకుండా దానికి రెండువైపులా ఎలా తిరగాలన్నదే అసలు విద్య. ఆదివారం మెట్రో ఆలస్యంగా మొదలవుతుంది కాబట్టి అది రెండో సగానికే పనికొస్తుందని కూడా కాగితం మీద ఉంది.

గ్రూపులో చుక్క పడింది. ఇక ఎదురుచూపే.

కేబీఆర్ దగ్గర ఆవిడ కాగితం కన్నా మూడు నిమిషాలు ముందే వచ్చేశారు. అబ్బాయి ఇంకా జనంలో వెతుకుతుంటే ఆవిడే పేరుపెట్టి పిలిచారు. తువ్వాలు తీసుకుని మొహం తుడుచుకుని తిరిగిచ్చేశారు. వాడికి పక్కనే కొంతదూరం పరిగెత్తాలని ఉంది. కాగితం ఒప్పుకోదు. పోటీలో లేనివాళ్ళు పక్కన పరిగెత్తి ఊపునివ్వడం అంతర్జాతీయ అథ్లెటిక్స్ నిబంధనల ప్రకారం సాయం కిందే లెక్క. తిండీ నీళ్ళూ కూడా అధికారిక కేంద్రాల్లోనే తీసుకోవాలి. మామూలు జనం పరుగులో ఇవన్నీ ఎవరూ అంతగా పట్టించుకోరు గానీ, ఆ అమ్మాయి చదివింది కాబట్టి ఆ ఇంట్లో అమలైంది. జెల్, ఓఆర్ఎస్‌లకి మాత్రం మినహాయింపు, అదీ ఆవిడ నడుము బెల్టులోవి అయిపోతేనే.

కేబుల్ బ్రిడ్జి దాటాక అయిపోయాయి. తండ్రి జెల్ అందించబోయారు. ఆవిడ తల అడ్డంగా ఊపి, కడుపు మీద చెయ్యి పెట్టుకుని ముందుకెళ్ళిపోయారు. ‘వద్దంటే బలవంతం చేయొద్దు’ అని అదే వరుసలో రాసి ఉంది. ఆయన చేయలేదు. కానీ ఆ పాకెట్టు చేతిలో పట్టుకునే గచ్చిబౌలి దాకా వచ్చారు.

చివరి మలుపు దగ్గర మా వంతు. కాగితం చెప్పిన టైము దాటింది. పది నిమిషాలు, పదిహేను. యాప్‌లో చిప్ లెక్క దారిలో పరిచిన మ్యాట్ల దగ్గరే మారుతుంది. రెండు మ్యాట్ల మధ్య మనిషి ఎక్కడుందో దానికీ తెలియదు. కాళ్ళు పట్టేసి ఫుట్‌పాత్ మీద కూర్చున్నవాళ్ళు, స్ప్రే డబ్బాలతో తిరిగే వాలంటీర్లు, ఎవరినో ఎక్కించుకుని వెళ్ళిన అంబులెన్సు, అన్నీ నానమ్మ చూస్తున్నారు. అమ్మాయి ‘అరగంట’ అని మాత్రం అంది. 22వ నిమిషంలో ఆవిడ కనిపించారు. పరుగూ నడకా కలిసిన ఏదో గతి. మొహం నిజంగానే పీక్కుపోయింది. నానమ్మ నోరు తెరిచారు. అమ్మాయి చప్పున నానమ్మ వైపు తిరిగింది. పెద్దావిడ కోడల్ని చూసి గట్టిగా అన్న మాట ఇదీ: ‘‘అమ్మాయ్, చెప్పులు నా దగ్గరున్నాయ్!’’

ఆవిడ నవ్వారు. ఆ మాట అనకూడనివాటిలో లేదు. అనాల్సినవాటి గడి కాగితం మీద అసలు లేదు.

5 గంటల 57 నిమిషాలకి గీత దాటారు. ఆ పొద్దంతా ఆవిణ్ణి ఇంటిల్లిపాదీ చూసిన సమయం, ఒక్కో చోట అర నిమిషం చొప్పున, కలిపితే రెండు నిమిషాలు కూడా ఉండదు.

చరిత్ర లేకపోతే ముఖచిత్ర కథనం కాదంటారు కాబట్టి ఒక్క పేరాలో: 1896 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో సుమారు 40 కిలోమీటర్ల పరుగుగా మొదలైంది, గ్రీకు వీరుడు స్పిరిడాన్ లూయిస్ గెలిచాడు. 1908 లండన్‌లో విండ్సర్ కోట నుంచి స్టేడియంలో రాజకుటుంబం కూర్చునే చోటిదాకా కొలిస్తే 42.195 వచ్చింది, 1921లో అదే కొలత ఖాయమైంది. ఆ లండన్ పరుగులోనే ముందు గీత దాటిన ఇటలీవాడు డొరాండో పియెట్రిని, పడిపోతుంటే లేపి సాయంపట్టారన్న కారణంతో అనర్హుణ్ణి చేశారు. ఆదుకున్న చేతులే ముంచాయి. ఆడవాళ్ళని బోస్టన్ మారథాన్ 1972లో గానీ అధికారికంగా రానివ్వలేదు. ఒలింపిక్స్‌లో వాళ్ళకి మారథాన్ 1984లో వచ్చింది, అమెరికాకు చెందిన జోన్ బెనాయిట్ గెలిచింది. హైదరాబాద్ రన్నర్స్ అనే పరుగు సంఘం 2007లో మొదలైతే, ఈ ఊరి మారథాన్ 2011లో మొదలైంది.

ఎడిటర్ అడిగిన స్ఫూర్తి దొరికిందో లేదో చెప్పలేను. నాకు నచ్చింది మాత్రం ఆ ఇంటి క్రమశిక్షణ. అరుపులూ చప్పట్లూ దారిపొడవునా పరాయివాళ్ళు కూడా ఇస్తారు. ఇంట్లోవాళ్ళు ఇవ్వాల్సింది వేరే: చెప్పిన చోట ఉండటం, వద్దంటే ఊరుకోవడం, నోటిదాకా వచ్చింది మింగేయడం. పతకాల కన్నా ఇదే కష్టమని, ఆ జెల్ పాకెట్టుని జేబులో పెట్టుకోకుండా అంతదూరం మోసిన భర్తని చూస్తే తెలిసింది.

పరిగెత్తేవాళ్ళకి మారథాన్ నిర్వాహకులు సూచనలు పేజీలకొద్దీ ఇస్తారు. రోడ్డుపక్కన నిలబడేవాళ్ళకీ ఒక పేజీ ఇస్తే బాగుంటుంది: ఏ సందులోంచి ఎక్కడికి చేరొచ్చు, ఏ వేగానికి ఏ టైములో మనిషి ఎక్కడుంటుంది, ఎక్కడ ఏం ఇవ్వొచ్చు, ఏం ఇవ్వకూడదు. అచ్చువేసేటప్పుడు ఐదో గడి మాత్రం వదిలేయొద్దు.

నీళ్ళు ఎక్కువైనా ముప్పే

2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రన్నర్ల రక్తం పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం ఉండాల్సినదానికన్నా తక్కువుంది. ఈ ఫలితాలు 2005లో ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’లో వచ్చాయి. పరుగులో బరువు పెరిగేంతగా తాగినవాళ్ళకీ, నాలుగు గంటలకు పైగా పరిగెత్తినవాళ్ళకీ ముప్పు ఎక్కువని తేలింది. కనిపించిన ప్రతిచోటా ‘తాగు, తాగు’ అని వెంటపడొద్దు. దాహమేస్తే తాగితే చాలు. తలనొప్పి, వాంతి, అయోమయం కనిపిస్తే నీళ్ళు పట్టకుండా వెంటనే వైద్య శిబిరానికి తీసుకెళ్ళాలి.

గీత దాటాక

ఆగిన వెంటనే కూలబడనివ్వొద్దు. పది నిమిషాలు మెల్లగా నడిపించండి. ఒక్కసారిగా ఆగితే రక్తం కాళ్ళలోనే నిలిచి కళ్ళు తిరుగుతాయి. తడి బట్టలు మార్పించండి, ఆగస్టులోనూ వణుకు వస్తుంది. బూట్ల తాళ్ళు మీరే విప్పండి, వంగడం వాళ్ళవల్ల కాదు. రెండుమూడు రోజులు మెట్లు ఎక్కడం కన్నా దిగడం కష్టం. లిఫ్టు లేని ఇళ్ళవాళ్ళు సోమవారం సెలవు ముందే పెట్టించుకోవడం మంచిది.