గుంట తవ్వుకోనిస్తారా?

వేటపాలెంలో అద్దె ఇల్లు వెతికే నేత కుటుంబం, అద్దెంతని అడిగే ముందే ఇంకోటి అడగాలి: మగ్గం గుంట తవ్వుకోనిస్తారా అని. మగ్గానికి చోటు, కాళ్లు పెట్టుకునే గుంట లేని ఇంట్లో తలదాచుకోవచ్చు గానీ నేయలేరు. వానలకు గుంటలో నీళ్లు ఊరితే పని ఆగుతుంది. అద్దె ఆగదు కదా!

2019 డిసెంబరులో మొదలైన నేతన్న నేస్తం కింద ఏటా 24 వేలు ఇచ్చారు. పేరుకు మగ్గం బాగుచేసుకోడానికే అయినా, లెక్కేస్తే నెలకు 2 వేలు. అద్దెకు ఎంతో కొంత ఆసరా. కానీ అది సొంత మగ్గం ఉన్నవాళ్లకే. చోటు లేక మాస్టర్ వీవర్ షెడ్డులో మజూరీకి నేసేవాళ్లకు రాలేదు. అసలు అద్దె బరువు మోసేది వాళ్లేగా!

2020లో ఇళ్ల పట్టాలు ఇచ్చారు. పల్లెలో సెంటున్నర, పట్టణంలో సెంటు. సెంటంటే 48 గజాలు. మంచం వేస్తే మగ్గానికి చోటుండదు.

ఇప్పుడు 50 దాటిన నేతకారులకు నెలకు 4 వేల పింఛను వస్తోంది. మరి 35 ఏళ్లవాడు? 2024లో మొదలైన పట్టణ ఆవాస్ యోజన రెండో విడతలో అద్దె ఇళ్ల విభాగమూ ఉంది. బాగానే ఉంది గానీ, రెండో అంతస్తులో గుంటెలా తవ్వుతారు? నేతకారులకు కావాల్సింది నేలమీద, మెరకలో, మగ్గం గదితో తక్కువ అద్దెకు దొరికే ఇల్లు.