మీకు తెలుసా? కడుపులో తిప్పేది చెవే!

గోదావరిఖనిలో పడవంటే ఎల్లంపల్లి జలాశయం నీళ్లే గుర్తొస్తాయి. నిలిచిన నీళ్లు, ఊపు తక్కువ. అదే మనిషి విశాఖ వెళ్లి, గాలం సరదాతో సముద్రంలో బోటెక్కితే కథ వేరు. బోటు పోతున్నంతసేపూ బాగానే ఉంటుంది. ఇంజను ఆపి, కొక్కేనికి ఎర గుచ్చడానికి తల వంచగానే మొదలు: నోట్లో నీళ్లూరడం, చల్లటి చెమట, డోకు. ఆగిన బోటు అలకు అడ్డం తిరిగి మరింత ఊగుతుంది. లోపలి చెవి ‘ఊగుతున్నాం’ అంటుంది, కొక్కేన్ని చూస్తున్న కన్ను ‘లేదే’ అంటుంది. ఆ తగువే వికారం. లోపలి చెవి బొత్తిగా పనిచేయనివారికి ఇది రాదు. 1831లో ‘బీగిల్’ ఓడెక్కిన డార్విన్ 1836 దాకా దీంతో అవస్థపడ్డాడు, మీకు నామోషీ ఎందుకు?

బోటు నడిమధ్యన, డీజిల్ పొగ తగలనిచోట కూర్చుని, దూరాన నింగీ నీరూ కలిసే గీతను చూడండి. ఖాళీ కడుపు వద్దు, బిర్యానీ అసలే వద్దు. నైట్ షిఫ్ట్ దిగి నేరుగా రైలెక్కినవాళ్లు ముందు ఓ నిద్ర తీయాలి; అలసట వికారాన్ని పెంచుతుంది. వికారం రాకుండా ఆపే ప్రొమెథజీన్ మాత్రను డాక్టరునడిగి, బోటెక్కడానికి గంటా రెండు గంటల ముందే వేసుకోవాలి. వాంతులు మొదలయ్యాక మింగితే లోపల నిలవదు. మత్తుగా ఉంటుంది, బండి నడపొద్దు. రెండేళ్లలోపు పిల్లలకు ఇవ్వనేకూడదు.