కిడ్నీతో పాటు దాత మూలకణాలు: మందులు మానగలిగింది ఎందరు?

కిడ్నీ మార్పిడి చేయించుకున్నవారు అది పనిచేసినన్నాళ్లూ మందులు మింగాల్సిందే. టాక్రోలిమస్ వంటివి రోగనిరోధక శక్తిని అణచి ఉంచబట్టే అది పరాయి అవయవం మీద దాడికి దిగదు. కానీ ఇన్ఫెక్షన్లు, మధుమేహం, కొన్ని క్యాన్సర్ల ముప్పు పెరుగుతుంది. పైగా ఏళ్ల తరబడి వాడితే టాక్రోలిమస్ ఆ కిడ్నీనే దెబ్బతీయవచ్చు.

అందుకే పరిశోధకులు దాత నుంచి కిడ్నీతో పాటు రక్త మూలకణాలనూ తీసుకున్నారు. అవి రోగి మజ్జలో కుదురుకుంటే ఇద్దరి కణాలూ ఒకే ఒంట్లో పుడతాయి. ఈ స్థితిని మిక్స్‌డ్ కైమెరిజం అంటారు. అప్పుడు రోగనిరోధక వ్యవస్థ దాత అవయవాన్ని సొంతదానిలాగే చూడటం నేర్చుకుంటుంది.

మందులతోనే మొదలు

మూలకణాలు ఎక్కించగానే మందులు మానేయడం కుదరదు. కణాలకు చోటు దొరకాలంటే ముందు రోగి నిరోధక శక్తిని గట్టిగా తగ్గించాలి. స్టాన్‌ఫర్డ్ వైద్యులు లింఫ్ గ్రంథులకు 10 విడతల స్వల్ప రేడియేషన్, 5 డోసుల యాంటీథైమోసైట్ గ్లోబ్యులిన్ అనే నిరోధక శక్తిని తగ్గించే మందు ఇచ్చి, ఆ తర్వాతే దాత కణాలు ఎక్కించారు. కణాలు నిలిచాయని రక్తపరీక్షల్లో తేలాకే మాత్రలు నెమ్మదిగా తగ్గించారు.

లెక్కలు ఏం చెబుతున్నాయి?

బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి 2008లో హెచ్‌ఎల్‌ఏ (కణజాల గుర్తులు) పూర్తిగా కలవని 5 దాత-రోగి జంటల ఫలితాలు ప్రకటించింది. నలుగురు మందులు మానగలిగారు, ఒకరు కిడ్నీ కోల్పోయారు. రోగుల సంఖ్య 10కి చేరాక చూస్తే ఏడుగురు నాలుగేళ్లకు పైగా మందుల్లేకుండా ఉన్నారు. అయితే వారిలో ముగ్గురు 5 నుంచి 8 ఏళ్ల తర్వాత మళ్లీ మందులు మొదలుపెట్టాల్సి వచ్చింది.

హెచ్‌ఎల్‌ఏ పూర్తిగా కలిసినచోట ఫలితాలు మెరుగు. స్టాన్‌ఫర్డ్‌లో అలాంటి 29 మందిలో 24 మంది, అంటే సుమారు 83 శాతం, మందులు మానేశారు. 30 మందితో జరిగిన మూడో దశ ట్రయల్‌లో కణాలు అందుకున్న 20 మందిలో 15 మంది రెండేళ్లకు మించి మందులు లేకుండా గడిపారు.

ఈ శాతాలు అందరికీ వర్తించవు. తోబుట్టువుతో హెచ్‌ఎల్‌ఏ పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒకటే. తల్లిదండ్రులతో సాధారణంగా సగమే కలుస్తుంది. అలా కలవనివారి కోసం షికాగోలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో 37 మందికి ఎక్కువ మోతాదులో దాత కణాలు ఇస్తే 26 మంది మందులు మానారు. కానీ ఇద్దరిలో దాత కణాలే రోగి శరీరంపై దాడి చేశాయి.

మానడం కాదు, తగ్గించడం

చైనాలో మరో దారి పట్టారు. రోగి సొంత మజ్జ నుంచి మీసెన్‌కైమల్ మూలకణాలు తీసి, మొదట్లో ఇచ్చే ఇంజెక్షన్ మందుకు బదులు వాటిని ఎక్కించారు. 2012లో వచ్చిన ఫలితాల ప్రకారం తొలి ఆరు నెలల్లో తిరస్కరణ మామూలు చికిత్సలో 21.6 శాతం మందికి, కణాలు పొందిన ఒక గుంపులో 7.5 శాతం మందికి ఎదురైంది. కణాలు ఇస్తూ టాక్రోలిమస్ తరహా మందు మోతాదును 80 శాతానికి తగ్గించిన మరో గుంపులోనూ అది 7.7 శాతమే.

ఇవన్నీ కట్టుదిట్టమైన పర్యవేక్షణలో వచ్చిన ఫలితాలు. మన దేశంలో ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం, ఆమోదిత రక్తవ్యాధుల వంటివి తప్ప మిగతా మూలకణ చికిత్సలు క్లినికల్ ట్రయల్‌లోనే జరగాలి. కాబట్టి ఎవరైనా ఈ చికిత్స చేస్తామంటే ట్రయల్ రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. సొంతంగా మాత్రలు మానేస్తే మాత్రం కిడ్నీనే పోగొట్టుకునే ప్రమాదం ఉంది.