ఈతలో ఆగిన వేగము

పూర్వము పల్లెలలో పిల్లలు ఎండిన సొరకాయ బుర్రలు కట్టుకొని బావులలో ఈత నేర్చెడివారు. నగరములలో నేడు ఆ విద్య పలువురికి నడివయస్సున, ఈతకొలనులలో ఆరంభమగుచున్నది.

ఉప్పల్‌లో అట్లు ఈత నేర్చిన ఉపాధ్యాయుని ఒకనిని ఊహింపుడు. తొలి మాసములలో వేగము వారవారమును హెచ్చినది. పిదప 50 మీటర్లకు 60 సెకన్లవద్ద గడియారము మొరాయించినది. ఎంత గింజుకొన్నను ఒక్క సెకను తగ్గదు. “వయస్సు మీరినది” అని అతడు నిట్టూర్చును. కాని నేరమంతయు వయస్సుది కాదు.

నీరు గాలికన్న సుమారు 800 రెట్లు సాంద్రమైనది. ఈతగాని కెదురగు నిరోధము దాదాపు వేగపు వర్గమును, దానిని గెలుచుటకు వలయు సామర్థ్యము వేగపు ఘనమును అనుసరించి పెరుగును. వేగము నూటికి 10 వంతులు పెరుగవలెనన్న సామర్థ్యము నూటికి 33 వంతులు పెరుగవలెను. నడివయస్సున అంత బలము ఎచ్చటినుండి వచ్చును? కావున నిరోధమును తగ్గించుటయే సులభమార్గము. తల పైకెత్తినచో నడుమును కాళ్ళును క్రుంగి, దేహము నీటికి అడ్డుగోడ యగును. చూపు అడుగున నిలిపి, మేను బాణమువలె చాచినచో దారి సుగమమగును.

మరియొకటి బారల లెక్క. బార పొడవును నిమిషమునకు వేయు బారల సంఖ్యతో హెచ్చించిన ఫలమే వేగము. 50 మీటర్లకు 50 బారలు వేయువాడు లయ చెడకుండ 45 బారలతో చేరినచో, 60 సెకన్లు 54 అగును.

హైదరాబాదునకు చెందిన గోలి శ్యామల నలుబది దాటిన పిమ్మట ఈత నేర్చిన వ్యక్తి. 2021 మార్చిలో సుమారు 30 కిలోమీటర్ల పాక్ జలసంధిని ఆమె 13 గంటల 43 నిమిషములలో దాటినది. విద్యార్థులు భాగించి చూతురుగాక: సగటున 100 మీటర్లకు దాదాపు 2 నిమిషముల 45 సెకన్లు. కొలనులో ఇది సామాన్యమైన వేగమే. దానిని కడలిలో పగలంతయు నిలుపుట, ఒక్క బారనైనను వ్యర్థము చేయనివారికే సాధ్యము.

మన ఉపాధ్యాయునికిని ఇందొక లాభము కలదు. మాసములతరబడి ఒకే సెకనువద్ద నిలిచిపోయినవాడు, తరగతిలో ఒకే లెక్కవద్ద నిలిచిపోయిన బాలుని “ఇంకను కష్టపడుము” అని గద్దింపడు. ప్రక్కన కూర్చుండి, అడ్డు ఎచ్చట నున్నదో వెదకును.