గాదంకి ఆకాశంలో సోడియం, వంటింట్లో ఉప్పు

తిరుపతి నుంచి చిత్తూరు వెళ్లే దారిలో గాదంకి ఉంది. అక్కడి జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలలో వరుసకు 32 చొప్పున 32 వరుసల యాంటెనాలు ఆకాశంలోకి చూస్తుంటాయి. అది 53 మెగాహెర్ట్జ్ మీద పనిచేసే ఎం.ఎస్.టి. రాడార్. సుమారు 100 కిలోమీటర్ల ఎత్తున అయనావరణంలోని ఎలక్ట్రాన్ల కదలికలు కూడా దానికి అందుతాయి. ఇంటర్ పిల్లలు ఒకటిగా కలిపేసే అయనీకరణ శక్తినీ, ఋణవిద్యుదాత్మకతనూ విడదీసి చూపడానికి అంతకంటే మంచి చోటు నాకు తోచలేదు.

అంత ఎత్తులో గాలి బాగా పలచన కనుక అణువులూ పరమాణువులూ విడివిడిగా తిరుగుతాయి. విడిగా తిరిగే కణం నుంచి ఒక ఎలక్ట్రాన్‌ను పూర్తిగా ఊడబెరకడానికి పట్టే శక్తే అయనీకరణ శక్తి. సూర్యుడి నుంచి వచ్చే లైమన్-ఆల్ఫా కిరణాల్లో ఒక్కో ఫోటాన్‌కు 10.2 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉంటుంది. నైట్రిక్ ఆక్సైడ్ అణువుకు 9.26 చాలు, ఆక్సిజన్ అణువుకు 12.07 కావాలి. అందుకే అయనావరణం అడుగు పొరలో ఆక్సిజన్ ఎంత దండిగా ఉన్నా ఆ కిరణాలకు లొంగదు, అరకొరగా ఉన్న నైట్రిక్ ఆక్సైడ్ లొంగుతుంది. పగలు మీడియం వేవ్ తరంగాలను పీల్చేసుకునే ఆ పొర పొద్దు గూకితే దాదాపు మాయమవుతుంది. రాత్రిళ్లు దూరపు మీడియం వేవ్ స్టేషన్లు రేడియోలో పలికేది అందువల్లే.

ఋణవిద్యుదాత్మకత సంగతి వేరు. బంధంలో ఉన్న పరమాణువు, ఇద్దరికీ చెందిన ఎలక్ట్రాన్లను తనవైపు ఎంతగా లాక్కుంటుందో అది చెబుతుంది. లైనస్ పౌలింగ్ 1932లో బంధాల బలాలను పోల్చి దానికి అంకెలు కట్టాడు.

ఉల్కలు మండి వదిలిన సోడియం 90 కిలోమీటర్ల ఎత్తున పలచని పొరగా పరుచుకుని ఉంటుంది. గాదంకిలో లేజర్ కిరణాలు పంపి దాన్ని పరిశీలిస్తారు. అక్కడ సోడియం ఒంటరి. దాని అయనీకరణ శక్తి 5.14 ఎలక్ట్రాన్ వోల్టులు. మన ఉప్పులో దాని పక్కన క్లోరిన్ ఉంది. ఋణవిద్యుదాత్మకత 0.93 ఉన్న సోడియంకూ 3.16 ఉన్న క్లోరిన్‌కూ పొత్తు కుదిరితే ఎలక్ట్రాన్ ఎటు పోతుందో చెప్పనక్కర్లేదు.

ఆవర్తన పట్టికలో అయనీకరణ శక్తీ, ఋణవిద్యుదాత్మకతా చాలావరకు కలిసే పెరుగుతాయి. చిక్కంతా అక్కడే. నైట్రోజన్ పరమాణువు అయనీకరణ శక్తి 14.53, ఆక్సిజన్‌ది 13.62. ఆక్సిజన్ చివరి కక్ష్యలో రెండు ఎలక్ట్రాన్లు ఒకే ఆర్బిటాల్‌లో ఇరుక్కుని ఒకదాన్నొకటి తోసుకుంటాయి కనుక ఒకదాన్ని తీయడం తేలిక. అయినా ఋణవిద్యుదాత్మకతలో ఆక్సిజన్‌దే పైచేయి: 3.44, 3.04. మల్లికెన్ 1934లో చెప్పిన లెక్కలో దీనికి జవాబుంది. ఉన్న ఎలక్ట్రాన్‌ను వదలకపోవడం ఒక్కటే చాలదు, కొత్తదాన్ని రప్పించుకునే గుణమూ కావాలి. అందుకని అయనీకరణ శక్తికీ, కొత్త ఎలక్ట్రాన్ చేరితే విడుదలయ్యే శక్తికీ సగటు తీయమన్నాడు. కొత్త ఎలక్ట్రాన్ చేరితే ఆక్సిజన్ 1.46 ఎలక్ట్రాన్ వోల్టులు విడుదల చేస్తుంది. నైట్రోజన్‌కు ఆ విలువ ఇంచుమించు సున్నా. సగటు కడితే ఆక్సిజన్‌కు 7.5, నైట్రోజన్‌కు 7.2 వస్తాయి.