పొగ మానినవాని నరములు

విజయవాడయొద్ద కృష్ణానది కడ్డముగా ప్రకాశం బ్యారేజి నిలిచియున్నది. 1855లో ముగిసిన పాత ఆనకట్టకు మారుగా ఇది 1957లో ఏర్పడినది. ఇచట నిలిచిన నీరు కాలువలకును, తూముల ద్వారా పొలములకును చేరును. తూము తగినంత తెరచిన పైరు పచ్చగా నుండును. మితిమీరి తెరచినను, మూసివేసినను చేను చెడును. మానవుని మెదడునందును ఇట్టి తూములు కలవు.

ఒక నరకణమునుండి మరియొక దానికి వార్తను గొనిపోవు ద్రవ్యములలో ఎసిటైల్‌కోలీన్ ఒకటి. నరములు రసాయన ద్రవ్యములచే వార్తల నందించునని 1921లో ఒట్టో లోవీ అను శాస్త్రజ్ఞుడు కప్ప గుండెలపై ప్రయోగము చేసి నిరూపించెను. ఈ కృషికై ఆయనకును, హెన్రీ డేల్‌కును 1936లో నోబెల్ బహుమానము లభించెను. ఎసిటైల్‌కోలీన్ తాకినపుడు తెరచుకొను గ్రాహకములే మెదడులోని తూములు.

పొగాకులోని నికోటిన్, వంతు కానివేళ తూమెత్తు రైతువలె, ఈ గ్రాహకములను తెరచును. పొగ పీల్చిన కొన్ని క్షణములలోనే అది మెదడును చేరును. అంతట డోపమిన్ అను వేరొక ద్రవ్యము వెలువడి సుఖము తోపించును. దినమునకు పలుమారు లిట్లు జరుగగా మెదడు గ్రాహకముల సంఖ్యను పెంచుకొనును. తూములు పెరిగినకొలది నీటికోరికయు పెరుగును.

కృష్ణా, గుంటూరు సీమల నల్లరేగడి నేలలు పొగాకు పంటకు పేరొందినవి. 1976లో పొగాకు బోర్డు గుంటూరుననే నెలకొన్నది. చుట్టయో, బీడీయో, సిగరెట్టో కాల్చు తాతనో మామనో ఎరుగని పిల్లలు ఈ సీమలో అరుదు. అట్టివాడొకనాడు ‘ఇక ముట్టను’ అని ప్రతినపూనును. రక్తములోని నికోటిన్ రమారమి రెండు గంటలకు సగమగుచు, కొలది దినములలో తీరిపోవును. పెరిగిన గ్రాహకములు ఎండిన కాలువలవలె మిగులును. చిరాకు, నిద్రలేమి, అధికమైన ఆకలి, మనస్సు నిలువకుండుట, పొగకై తపన కలుగును. మొదటి వారమున ఈ బాధలు తీవ్రములై, సాధారణముగా మూడు నాలుగు వారములలో తగ్గును. ‘వీనికి పట్టుదల లేదు’ అని ఇంటివారు నిందింతురు. కాని యిది గుణదోషము గాదు, నరముల బాధ.

ఈ బాధను తగ్గించు మందులు కలవు. నికోటిన్ చూయింగ్ గమ్ము, పొగలోని తారు, విషవాయువులు లేకుండ, కొద్దికొద్దిగా నికోటిన్ నందించును. మన రేలపూలవంటి పసుపుగుత్తులు పూచు లాబర్నమ్ అను విదేశవృక్షమున సైటిసీన్ అను పదార్థము కలదు. దాని ననుసరించి నిర్మించిన వారెనిక్లిన్ 2006లో అమెరికాలో ఆమోదము పొందెను. ఇది గ్రాహకమును సగమే తెరచి, అచటనే కూర్చుండును. సగము తెరచుటచే తపన తగ్గును. చోటు నాక్రమించుటచే, మరల పొగ త్రాగినను నికోటిన్‌కు తావు దొరకక మునుపటి సుఖము కలుగదు. బ్యుప్రోపియాన్ అను మందు డోపమిన్‌ను నరకణముల నడుమ మరికొంతసేపు నిలుపును. ప్రపంచ ఆరోగ్యసంస్థ ఈ రెంటిని 2021లో అత్యవసర ఔషధముల పట్టికలో చేర్చినది. వారెనిక్లిన్ వలన కొందరికి వికారము, వింతకలలు కలుగును. బ్యుప్రోపియాన్ మూర్ఛవ్యాధి గలవారికి తగదు. కావున వైద్యుని సలహా లేనిదే వీనిని వాడరాదు.

మందు కోరికను తగ్గించును గాని, ప్రతినను మనుష్యుడే నిలుపుకొనవలెను. పొగకు దూరముగా నున్న కొలది వారములలో గ్రాహకముల సంఖ్య క్రమముగా మునుపటి స్థితికి వచ్చును. అంతవరకు ఇంటివారు నిందింపక ఓర్పు వహించినచో, అదియు మందునకు తోడగును.