పెళ్లి రిసెప్షన్‌కు డ్రింక్స్ ఎన్ని కావాలి? లెక్కపెట్టాల్సింది కార్డులు కాదు.. గ్లాసులు!

పెళ్లి కుదిరింది. నార్సింగిలో కన్వెన్షన్ హాల్ బుక్ అయింది. మెనూ ఓకే అయింది, డెకరేషన్ ఓకే అయింది. చివర్లో అందరూ "అది చూసుకుందాంలే" అని వదిలేసే ఐటమ్ ఒకటి ఉంటుంది. అదే డ్రింక్స్. వాటర్ బాటిల్స్ ఎన్ని? వెల్కమ్ డ్రింక్ ఎన్ని లీటర్లు? కూల్ డ్రింక్స్ ఎన్ని కేసులు? ముందురోజు కాక్‌టెయిల్ పార్టీ ఉంటే బాటిళ్లు ఎన్ని? ఎక్కువ తెస్తే డబ్బు వృథా. తక్కువైతే "నీళ్లు కూడా చాల్లేదు" అనే మాట పదేళ్లు వినాలి. మద్యం విషయంలో లెక్క తప్పితే కేసుల దాకా వెళ్లొచ్చు. మరి సరైన లెక్క ఎలా వేయాలి? ఇప్పుడు తెలుసుకుందాం..

కార్డుల లెక్క ఎందుకు పనికిరాదు?

చాలామంది చేసే పొరపాటు ఇదే. 800 మందిని పిలిచాం కాబట్టి 800 మందికి సరిపడా తెచ్చేస్తారు. కానీ పిలిచిన వాళ్లంతా రారు. వచ్చిన వాళ్లంతా ఒకేలా తాగరు. అందుకే అతిథులను ముందు గుంపులుగా విడగొట్టాలి. దగ్గరి బంధువులు కుటుంబంతో వస్తారు, చివరిదాకా ఉంటారు. కాలనీ వాళ్లు భోజనం చేసి వెళ్లిపోతారు. ఆఫీసు కొలీగ్స్ ఎక్కువగా ఒంటరిగానో, ఇద్దరు ముగ్గురు కలిసి ఒకే కారులోనో వస్తారు. పిల్లలు ఒక గ్లాసుతో ఆగరు.

ఇంకో గుంపు ఉంది. దాన్ని దాదాపు అందరూ మర్చిపోతారు. క్యాటరింగ్ సిబ్బంది, డెకరేషన్ వాళ్లు, ఫొటోగ్రాఫర్లు, బ్యాండ్, సెక్యూరిటీ, కార్ల డ్రైవర్లు. పెద్ద రిసెప్షన్‌లో వీళ్లే 100 మంది దాకా ఉంటారు. అతిథుల కోసం పెట్టిన బాటిళ్లు సాయంత్రం 6 గంటలకే తగ్గిపోవడానికి అసలు కారణం చాలాసార్లు ఇదే. వీళ్ల కోసం 20 లీటర్ల వాటర్ క్యాన్లు ఐదారు, గ్లాసులు విడిగా పెట్టించాలి.

నార్సింగిలో టైమింగ్ వేరు

నార్సింగి, కోకాపేట, గండిపేట వైపు హాళ్లకు ఒక ప్రత్యేకత ఉంది. అతిథుల్లో పెద్ద భాగం ఐటీ కారిడార్ నుంచి వస్తారు. వీక్ డే రిసెప్షన్ అయితే ఆఫీసు అయ్యాక గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ ట్రాఫిక్ దాటుకుని రావాలి. బంధువులు 7 గంటలకే వచ్చేస్తే, కొలీగ్స్ 9 దాటాక దిగుతారు. అంటే రద్దీ రెండు విడతలు. మొదటి విడతకే కౌంటర్లలో సరుకు మొత్తం పెట్టేస్తే రెండో విడతకు ఖాళీ ట్రేలు మిగులుతాయి. కాబట్టి వెల్కమ్ డ్రింక్, కూల్ డ్రింక్స్‌లో కనీసం మూడో వంతును 9 గంటల వరకు ముట్టుకోవద్దని క్యాటరర్‌కు ముందే చెప్పాలి.

600 మంది వస్తే లెక్క ఇలా..

ఉదాహరణకు 800 మందిని పిలిస్తే 600 మంది వస్తారని అనుకుందాం.

మంచినీళ్లు: మనిషికి ముప్పావు లీటరు చొప్పున 450 లీటర్లు. అర లీటరు బాటిళ్లయితే 900. కేసుకు 24 చొప్పున 38 కేసులు. ఎండాకాలమైతే మనిషికి లీటరు వేసుకోవాలి. అప్పుడు 1,200 బాటిళ్లు, అంటే 50 కేసులు. ఇక్కడ ఒక చిట్కా ఉంది. అర లీటరు బాటిల్‌ను సగం తాగి టేబుల్ మీద వదిలేసేవాళ్లే ఎక్కువ. అదే 450 లీటర్లను 250 మిల్లీలీటర్ల చిన్న బాటిళ్లలో తీసుకుంటే 1,800 వస్తాయి. వృథా బాగా తగ్గుతుంది. ఏ సైజు తీసుకున్నా లేబుల్ మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్స్ నంబర్, తయారీ తేదీ చూడాలి.

వెల్కమ్ డ్రింక్: వచ్చినవాళ్లలో 80 శాతం మంది తీసుకుంటారనుకుంటే 480 గ్లాసులు. పిల్లలు రెండోసారి వస్తారు కాబట్టి 10 శాతం కలిపితే దాదాపు 530. గ్లాసుకు 150 మిల్లీలీటర్ల చొప్పున 80 లీటర్లు సరిపోతుంది. గ్లాసు 200 మిల్లీలీటర్లదైతే అదే లెక్క 106 లీటర్లవుతుంది. అందుకే ముందు గ్లాసు సైజు ఎంతో అడగాలి. ఆ తర్వాతే లీటర్లు.

కూల్ డ్రింక్స్: 600 మందిలో 360 మంది ఒక గ్లాసు, వాళ్లలో 100 మంది రెండో గ్లాసు తాగుతారనుకుంటే 460 గ్లాసులు. రెండుంపావు లీటర్ల బాటిల్‌లో 150 మిల్లీలీటర్ల గ్లాసులు 15 వస్తాయి. నురగ, ఒలకడం తీసేస్తే 14. అంటే 33 బాటిళ్లు. అన్ని రకాలూ సమానంగా తేవడం ఇంకో పొరపాటు. మన దగ్గర 1977 నుంచీ ఉన్న థమ్సప్‌కే గిరాకీ ఎక్కువ. సగం, అంటే 17 బాటిళ్లు అది పెట్టుకుని.. మిగతా 16లో సగం లెమన్ రకం, సగం ఆరెంజ్ లేదా మ్యాంగో తీసుకుంటే సరిపోతుంది.

మజ్జిగ: భోజనం చివర్లో 240 మంది తాగుతారనుకుంటే 36 లీటర్లు. లీటరు పెరుగుకు రెండు లీటర్ల నీళ్ల చొప్పున 12 లీటర్ల పెరుగు చాలు. ఎండాకాలం దీన్ని రెట్టింపు చేసుకోవాలి. అప్పుడు కూల్ డ్రింక్స్ కొంత తగ్గించొచ్చు.

కాక్‌టెయిల్ నైట్ ఉందా? ఇక్కడే జాగ్రత్త

మన ఇళ్లలో చాలావరకు రిసెప్షన్‌లో మందు ఉండదు. ముందురోజు సంగీత్‌లోనో, విడిగా పెట్టే కాక్‌టెయిల్ పార్టీలోనో ఉంటుంది. ఇక్కడ లెక్కించాల్సింది మూడే విషయాలు. తాగేవాళ్లు ఎంతమంది? ఎన్ని గంటలు? పెగ్గు ఎంత?

150 మంది వచ్చే పార్టీ అనుకుందాం. తెలంగాణలో 21 ఏళ్లు నిండనివాళ్లకు మద్యం ఇవ్వకూడదు. వాళ్లను, అసలు అలవాటు లేనివాళ్లను తీసేస్తే 90 మంది మిగిలారనుకుందాం. పార్టీ 4 గంటలు. క్యాటరింగ్ రంగంలో ఎక్కువగా వాడే లెక్క ప్రకారం మొదటి గంటలో రెండు డ్రింక్స్, తర్వాత గంటకు ఒకటి. చివరిదాకా ఉండే 60 మందికి ఐదేసి చొప్పున 300. రెండు గంటల్లో వెళ్లిపోయే 30 మందికి మూడేసి చొప్పున 90. మొత్తం 390 డ్రింక్స్. ఇది సరుకు తగ్గకుండా వేసే గరిష్ఠ లెక్క మాత్రమే. ఒక్కొక్కరూ అంత తాగాలని కాదు.

- విస్కీ: సగం మంది తీసుకుంటే 195 పెగ్గులు. 750 మిల్లీలీటర్ల ఫుల్ బాటిల్‌లో 60 మిల్లీలీటర్ల లార్జ్ పెగ్గులు పన్నెండున్నర. 12గా లెక్కేస్తే 17 బాటిళ్లు. అదే 30 మిల్లీలీటర్ల స్మాల్ అయితే 9 బాటిళ్లతో అయిపోతుంది.
- బీరు: 40 శాతం అంటే 156 పైంట్లు. 650 మిల్లీలీటర్ల పెద్ద బాటిల్‌ను రెండుగా లెక్కిస్తే 78 బాటిళ్లు. కేసుకు 12 కాబట్టి 7 కేసులు.
- వైన్: మిగిలిన 39 గ్లాసులకు, బాటిల్‌కు 5 చొప్పున 8 బాటిళ్లు.

విస్కీ లెక్కను మరోసారి గమనించండి. అతిథులు అంతే, డ్రింక్స్ అంతే. పెగ్గు కొలత మారితే బాటిళ్ల సంఖ్య దాదాపు సగానికి పడిపోయింది. అందుకే చేత్తో అందాజాగా పోసే కుర్రాళ్ల కంటే, కొలత గ్లాసుతో పోసే బార్ టెండర్ ఉంటే మేలు. అతనికి ఇచ్చే డబ్బు చాలావరకు మిగిలిన బాటిళ్ల రూపంలో తిరిగొచ్చేస్తుంది. తాగినవాళ్లకూ ఎంత తాగారో తెలుస్తుంది.

సోడా, ఐస్ మర్చిపోవద్దు

195 పెగ్గులకు ఒక్కోదానికి 200 మిల్లీలీటర్ల సోడా, నీళ్లు, కూల్ డ్రింక్ కలిపి 39 లీటర్లు కావాలి. ఐస్ తాగేవాళ్లకు తలా అర కిలో చొప్పున 45 కిలోలు. బాటిళ్లు చల్లబెట్టడానికి ఇంకో 45 కిలోలు. గ్లాసులో వేసేది క్యూబ్ ఐసే అయ్యుండాలి. టబ్బుల్లో వేసే గడ్డ ఐస్‌ను పగలగొట్టి గ్లాసుల్లో వేయకూడదు. అది తాగే నీటితో చేసింది కాకపోవచ్చు.

తాగని 60 మంది సంగతేంటి? వాళ్లకు ఒక మూల నాలుగు కూల్ డ్రింక్ బాటిళ్లు పడేస్తే కుదరదు. తలా మూడు గ్లాసుల చొప్పున 180 గ్లాసులు, అంటే 27 లీటర్ల జ్యూస్‌లు, మాక్‌టెయిల్స్ పెట్టాలి.

పర్మిట్ లేకుండా పోస్తే కేసే

ఫంక్షన్‌లో మద్యం ఇవ్వాలంటే తెలంగాణ ఎక్సైజ్ శాఖ నుంచి ఆ రోజుకు ఈవెంట్ పర్మిట్ తీసుకోవాలి. ఫామ్‌హౌస్ అయినా, కన్వెన్షన్ హాల్ అయినా ఇదే రూల్. ఫీజు వేదికను బట్టి మారుతుంది. హాల్ యాజమాన్యం చూసుకుంటుందిలే అనుకోకుండా పర్మిట్ ఎవరు తీసుకుంటారో అగ్రిమెంట్‌లోనే రాయించుకోవాలి. అన్ని హాళ్లూ మద్యాన్ని అనుమతించవు. అనుమతించే చోట బయటి బాటిళ్లకు కార్కేజ్ వసూలు చేస్తారా అనేది కూడా ముందే అడగాలి.

గోవా, ఢిల్లీ, హరియాణాలో చౌక అని అక్కడి నుంచి తెప్పించడం మరీ ప్రమాదం. తెలంగాణలో పన్ను కట్టని ఆ సరుకును ఎక్సైజ్ పోలీసులు నాన్ డ్యూటీ పెయిడ్ లిక్కర్‌గా పరిగణించి కేసు పెడతారు. బాటిల్‌కు వందలు మిగులుతాయనుకుంటే పెళ్లింట్లో పోలీసులు దిగుతారు.

డేట్ చూసుకోండి.. ఒకే బ్రాండ్ నమ్ముకోవద్దు

జనవరి 26, ఆగస్టు 15, అక్టోబర్ 2 డ్రై డేలు. పోలింగ్ ముగిసే సమయానికి ముందు 48 గంటలు కూడా దుకాణాలు మూసేస్తారు. ఇవి కాక హోలీ, శ్రీరామనవమి, హనుమాన్ జయంతి లాంటి రోజుల్లో జంటనగరాల్లో పోలీస్ కమిషనర్లు వైన్ షాపులు మూయిస్తుంటారు. ముహూర్తం పెట్టుకునేటప్పుడే ఈ తేదీలు చూసుకోవాలి.

సరఫరా కూడా మన చేతుల్లో ఉండదు. తెలంగాణలో హోల్‌సేల్ మొత్తం ప్రభుత్వ బెవరేజెస్ కార్పొరేషన్ ద్వారానే జరుగుతుంది. 2025 జనవరి 8న కింగ్‌ఫిషర్ తయారీ సంస్థ యునైటెడ్ బ్రూవరీస్.. బకాయిలు పేరుకుపోయాయని, ధరలు పెంచలేదని రాష్ట్రానికి బీరు సరఫరా ఆపేస్తున్నట్టు ప్రకటించింది. అదే నెలలో సరఫరా మళ్లీ మొదలైంది. ఫిబ్రవరి 11 నుంచి బీరు ధరలు 15 శాతం పెరిగాయి. అదే ఏడాది మేలో ఫుల్ బాటిల్‌పై 40 రూపాయల ప్రత్యేక సెస్ వచ్చింది. అంటే మన 17 బాటిళ్లకే 680 రూపాయలు అదనం. అందుకే రెండు మూడు బ్రాండ్లు అనుకోవాలి. బడ్జెట్‌లో కొంత మార్జిన్ ఉంచుకోవాలి.

మిగిలితే ఏం చేయాలి?

కూల్ డ్రింక్స్, వాటర్ బాటిల్స్ డిస్ట్రిబ్యూటర్ దగ్గర తీసుకుంటే, సీల్ విప్పని కేసులు వాపసు తీసుకునేలా ముందే మాట్లాడుకోవచ్చు. ఇక్కడ ఒక విషయం మర్చిపోవద్దు. అన్నీ ఒకేసారి ఐస్ టబ్బుల్లో వేయొద్దు. తడిసి లేబుల్ ఊడిన బాటిల్‌ను ఎవరూ వెనక్కి తీసుకోరు. సగం చల్లబెట్టి, అవి ఖాళీ అయ్యేకొద్దీ మిగతావి వేయాలి.

మద్యం అలా కాదు. వాపసు దొరకడం కష్టం. ఇంట్లో ఉంచుకోవడానికీ చట్టం పరిమితి పెట్టింది. అందుకే కూల్ డ్రింక్స్ పది శాతం ఎక్కువ తెచ్చినా ఫర్వాలేదు కానీ, మద్యం మాత్రం లెక్క దాటకపోవడమే మంచిది. అయిపోతే అయిపోయింది. భోజనం పెట్టేయొచ్చు.

ఇంటికి చేరేదాకా మీ అతిథులే

డ్రింక్స్ బడ్జెట్‌లో ఇంకో ఐటమ్ తప్పనిసరిగా ఉండాలి. అదే తిరుగు ప్రయాణం. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 185 ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాల్ ఉండి బండి నడిపితే మొదటిసారి 10 వేల రూపాయల జరిమానా, 6 నెలల వరకు జైలు, లేదా రెండూ. రెండోసారి దొరికితే 15 వేలు, 2 ఏళ్ల వరకు జైలు, లేదా రెండూ. సైబరాబాద్ పోలీసులు డ్రంక్ అండ్ డ్రైవ్ తనిఖీలు తరచూ చేస్తూనే ఉంటారు. జరిమానా సంగతి పక్కన పెట్టినా, అర్ధరాత్రి ఔటర్ సర్వీస్ రోడ్డు మీద ఒక్క క్షణం చాలు.. పెళ్లి ఫొటోలు చూసినప్పుడల్లా గుర్తొచ్చే విషాదానికి.

పార్టీ ముగియడానికి గంట ముందే బార్ మూసేసి భోజనాలు మొదలుపెట్టించాలి. ముగ్గురు నలుగురు డ్రైవర్లను మాట్లాడి గేటు దగ్గర ఉంచాలి. పైన వేసిన లెక్కలో రెండు మూడు ఫుల్ బాటిళ్లు తగ్గిస్తే ఆ ఖర్చు చాలావరకు వచ్చేస్తుంది. డ్రైవర్ల బాధ్యత ఇంట్లో మందు ముట్టని ఒకరికి అప్పగించండి. "బావా, తాళాలు ఇటివ్వు" అని మొహమాటం లేకుండా అడగగలిగేవాళ్లయితే ఇంకా మంచిది.

గమనిక: ఇక్కడ ఇచ్చిన సంఖ్యలు అంచనా కోసం వేసిన ఉదాహరణలు మాత్రమే. సీజన్, అతిథులను బట్టి మారతాయి. పర్మిట్ ఫీజులు, నిబంధనల కోసం స్థానిక ఎక్సైజ్ స్టేషన్‌లో సంప్రదించండి. మద్యపానం ఆరోగ్యానికి హానికరం.